గజ్జె కట్టేముందు

యాసంగి కోతలయ్యాక నల్లగొండ, పాలమూరు పల్లెలు కొంచెం ఊపిరి పీల్చుకునేవి. అప్పుడే యక్షగానం ఆట నేర్పే భాగోతం పంతులుకు కబురు వెళ్లేది. ఊళ్లో పది పదిహేను మంది కుర్రాళ్లు పోగై, తలా ఇంత చందా వేసుకుని, పంతులుకు ఇంత ధాన్యం, ఇంత రొక్కం అని ఒప్పుకునేవాళ్లు. ఆయన మద్దెల పట్టుకుని వచ్చి ఆ ఊళ్లోనే మకాం పెట్టేవాడు. ఇవాళ తిన్న ఇంట్లో రేపు తినేవాడు కాదు. వంతులవారీగా ఇంటింటా భోజనం చేసేవాడు. పగలు ఎవరి పనులు వాళ్లవి. పొద్దుగూకాక మాత్రం అందరూ గుడి దగ్గరో, చావడిలోనో చేరాల్సిందే.

నాటక సమాజాలు నటుల్ని ఎంచుకునే పద్ధతిని ఇప్పుడు ఆడిషన్ అంటున్నారు. అభ్యర్థికి దొరికేది కొద్ది నిమిషాలు: ఒక సంభాషణ చెప్పాలి, ఒక పాట పాడాలి, అడిగిన సన్నివేశాన్ని అప్పటికప్పుడు అల్లి చూపాలి. ఆ రోజుల్లో మన పల్లెల్లో ఆ మాట లేదు గానీ, పరీక్ష లేకపోలేదు. అది నెలల తరబడి సాగేది. పంతులు ముందుగా ప్రతి ఒక్కరి చేతా పాడించేవాడు. గొంతు ఏ శ్రుతిలో నిలుస్తుందో చూసి, ఒడ్డూ పొడుగూ చూసి, నడక చూసి వేషాలు పంచేవాడు. సన్నని గొంతు, కోలముఖం ఉన్న కుర్రాడికి ఆడవేషం దక్కేది. గొంతు పెద్దదై, కాలు తాళానికి నిలిచే వాడికి రాజు వేషం. నవ్వించే నేర్పున్న వాడికి హాస్యగాడి వేషం. దీన్ని చిన్న వేషం అనుకుంటే పొరపాటు. తెల్లవారుజామున జనం కునికిపాట్లు పడే వేళ వాళ్లను లేపి కూర్చోబెట్టే బాధ్యత అతనిదే.

ఇక నేర్పే పద్ధతి. చాలామందికి చదువు రాదు కాబట్టి పాఠమంతా నోటిమాటగానే నడిచేది. పంతులు ఒక చరణం అంటాడు, కుర్రాడు దాన్ని తిరిగి అంటాడు. తప్పితే మళ్లీ మొదటికి. ముందు దరువు, అంటే తాళానికి కట్టిన పాట, నోటికి రావాలి, ఆ తర్వాత దానికి కాలు కుదరాలి, ఆ పైన చేయీ చూపూ కలవాలి. కందార్థం, ద్విపద, వచనం ఒక్కోటి ఒక్కో రకంగా పలకాలి. మైకులు లేని కాలం. మద్దెల, తాళాల మోతను దాటుకుని మాట ఆఖరి వరుసలో నేల మీద కూర్చున్న ముసలమ్మకు చేరాలి. అందుకే గొంతు చించుకోకుండా మాట దూరం పంపడమే అన్నిటికన్నా ముందు నేర్చుకోవాల్సిన విద్య. పాత్ర ప్రవేశం ఇంకో గండం. ఇద్దరు తెర పట్టుకుని నిలబడతారు. దాని వెనక నుంచి ముందు గజ్జెల చప్పుడు మాత్రమే వినపడుతుంది. తెర తొలగాక సూత్రధారి ఎవరు నీవు, ఏ ఊరు, ఏమి పని మీద వచ్చావని అడుగుతాడు. వేషధారి పాటలో, మాటలో తనను తాను చెప్పుకోవాలి. వాడు రాజో కాదో జనం అక్కడే తేల్చేసేవాళ్లు.

ఆ ఆటలకు పుస్తకాలూ ఉండేవి. చెర్విరాల భాగయ్య ఒక్కరే ముప్పైకి పైగా యక్షగానాలు రాశారు. సికింద్రాబాద్‌లో అచ్చయిన చౌక ప్రతులు సంతల్లో, జాతరల్లో అమ్ముడుపోయి పల్లెపల్లెకూ చేరాయి. అల్లీరాణి, కాంభోజరాజు, బాలనాగమ్మ కథలు రాత్రంతా ఆడేవాళ్లు. ఊళ్లో చదువొచ్చిన ఒక్కడు పుస్తకం పట్టుకుని చదువుతుంటే మిగతావాళ్లు చెవులతోనే కథ మొత్తం ఎక్కించుకునేవాళ్లు. తన వేషమే కాదు, పక్కవాడి వేషం కూడా నోటికి వచ్చేది. ఎవరికైనా జ్వరమొస్తే ఆట ఆగకుండా ఇంకొకరు గజ్జె కట్టేవాళ్లు.

చిందు భాగవతుల సంగతి వేరు. వాళ్లకు ఒక్క ఎండాకాలపు తరగతి కాదు, ఆటే బతుకు. ఊరూరా తిరిగే మేళంలో పుట్టిన పిల్ల తల్లి ఒళ్లో ఉండగానే తాళం వింటుంది, నడక వచ్చేనాటికి వేషం కడుతుంది. జనగామ జిల్లా దేవరుప్పుల మండలానికి చెందిన గడ్డం సమ్మయ్య ఈ చిందు యక్షగానంలోనే జీవితం గడిపారు. కేంద్ర ప్రభుత్వం 2024లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించింది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ఆ ప్రాంతమంతా నల్లగొండ జిల్లాలోని జనగామ తాలూకా కింద ఉండేది. 2024లోనే పాలమూరు వైపు నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు కూడా పద్మశ్రీ వచ్చింది. రెండేళ్ల ముందు, 2022లో, పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ జానపద వీరుడు పండుగ సాయన్న కథ పాడే దర్శనం మొగిలయ్యకు ఆ గౌరవం దక్కింది. ఈ ముగ్గురూ సంప్రదాయంలోంచే నేర్చుకుని వచ్చారు.

నిజాం కాలంలో ఈ ఆటలేవీ తేలిగ్గా సాగలేదు. పదిమంది ఒకచోట కూడి సభ పెట్టుకోవాలన్నా గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు అడ్డొచ్చేది, సర్కారు అనుమతి కావాల్సి వచ్చేది. అయినా తెలుగు భాష కోసం తపించిన పెద్దలు నాటకాన్ని వదల్లేదు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు, 1930లో జోగిపేటలో జరిగిన తొలి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. భక్త తుకారాం, ఉచ్చల విషాదము అనే నాటకాలూ రాశారు. తన ఆంధ్రుల సాంఘిక చరిత్ర గ్రంథంలో రాజుల యుద్ధాల కన్నా జనం ఆటపాటలకే ఆయన ఎక్కువ చోటిచ్చారు.

1940లలో పల్లె కళాకారుడి చేతికి కొత్త పని వచ్చింది. నల్లగొండ జిల్లా సుద్దాల గ్రామానికి చెందిన హనుమంతు హైదరాబాద్‌లో నౌకరీ వదిలి ఊరికొచ్చి, ఆంధ్ర మహాసభ ఉద్యమంలో చేరి సాంస్కృతిక దళం కట్టారు. ఆయన కొత్త రంగస్థలం కోసం వెతకలేదు. గొల్ల సుద్దులు, బుడబుక్కల, ఫకీరు వేషం, పిట్టలదొర, బుర్రకథ... జనం ఎరిగిన రూపాలనే తీసుకుని వెట్టిచాకిరీ మీద, దొరల జులుం మీద కొత్త మాట కట్టారు. వీర తెలంగాణ పేరుతో యక్షగానం కూడా రాశారు. ఈ దళంలోకి రావాలంటే గొంతు ఒక్కటే సరిపోదు. రాత్రికి రాత్రి ఊరు మారాలి, పోలీసుల కంట పడకుండా తిరగాలి, చూసేవాళ్ల కష్టం తన కష్టమని నమ్మాలి. పాత భాగోతం నేర్పిన క్రమశిక్షణకు ఇక్కడ గుండె ధైర్యం కూడా తోడు కావాల్సి వచ్చింది.

అదే గడ్డ మీది కథ ఆంధ్ర ప్రాంతంలో నాటకమైంది. దేవరుప్పుల ప్రాంతంలోని కామారెడ్డిగూడెంలో తన కొద్దిపాటి భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి ప్రాణం పోగొట్టుకున్న రైతు బందగీ. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి 1947లో రాసిన మా భూమి నాటకానికి ఆయన బతుకే ప్రేరణ. గరికపాటి రాజారావు నాయకత్వంలో ప్రజానాట్యమండలి అనే కళాకారుల సంఘం దాన్ని ఊరూరా ఆడించింది. మద్రాసు ప్రభుత్వం నిషేధించేదాకా వెళ్లింది దాని ప్రభావం. రైతులు, కూలీలు, బడిపంతుళ్లు నటులయ్యారు. ముందు ఊళ్లలో తిరిగి కష్టజీవిని చూడటం, ఆ తర్వాత వేషం కట్టడం వాళ్ల పద్ధతి. రాజారావు దగ్గర రంగస్థలం ఎక్కిన జమున, ఆయనే తీసిన పుట్టిల్లుతో 1953లో వెండితెరకు వచ్చారు.

సినిమాల కోసం నల్లగొండ నుంచి నేరుగా మద్రాసు బండెక్కిన వాళ్లలో తాడేపల్లి లక్ష్మీకాంతారావు ఒకరు. 1923లో కోదాడ దగ్గరి గుడిబండలో పుట్టారు. ఊళ్లో ఉండగానే నాటకాల్లో వేషాలు వేసి పద్యం, సంభాషణ వంటబట్టించుకున్నారు. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి ఆయనకు నిర్దోషి చిత్రంలో చిన్న వేషం, 1953లో వచ్చిన ప్రతిజ్ఞలో కథానాయకుడి వేషం ఇచ్చారు. తర్వాత ఆయన కత్తి కాంతారావు అయ్యారు, ఎన్నో సినిమాల్లో నారదుడయ్యారు. తుంగతుర్తి వాడైన ఎం. ప్రభాకరరెడ్డి ఉస్మానియాలో వైద్యం చదువుతూనే నాటకాలాడారు. 1960లో చివరకు మిగిలేదితో సినిమాకు వచ్చారు. ఇద్దరూ తెర ముందుకు వెళ్లేనాటికే జనం ముందు నిలబడటం ఎరిగినవాళ్లు.

ఈ చరిత్రనంతా పక్కపక్కన పెట్టి చూస్తే, నాటక సమాజం ఇవాళ అభ్యర్థిలో ఏం వెతుకుతుందో అది ఇక్కడ ఏనాడో ఉందని తెలుస్తుంది. అరవకుండా వినిపించే గొంతు, తాళం తప్పని అడుగు, తడబడని జ్ఞాపకం, పక్క నటుడి మాట వినే చెవి, ఏ పనికైనా చేయి వేసే గుణం. వేషం కట్టినవాడే తెర పట్టాలి, తాళం వేయాలి, వంత పాడాలి. బృంద నాటకానికి ఇంతకన్నా మంచి బడి ఏముంటుంది? యాస విషయం మరీ ముఖ్యం. చాలాకాలం రంగస్థలం మీద తెలంగాణ మాట హాస్యగాడికో, నౌకరుకో పరిమితమైంది. భాగోతం, సుద్దులు, ఒగ్గుకథ మాత్రం ఆ మాటతోనే కన్నీళ్లూ పెట్టించాయి, కోపమూ తెప్పించాయి. నల్లగొండ కుర్రాడు తన ఇంటి మాటను దాచుకుని ఎంపికకు వెళ్లాల్సిన అవసరం లేదు. దాన్ని ఎన్ని భావాలకు పలికించగలడో చూపాలి.

వేషం కట్టాలనే కోరిక ఉన్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే, హైదరాబాద్ బస్సెక్కేముందు ఊళ్లో మిగిలిన భాగోతం పెద్దల దగ్గరికి పంపండి. ఒక దరువు పూర్తిగా నేర్చుకోమనండి, నోటికొచ్చేదాకా వదలొద్దనండి. ఆ పెద్దలు పాడేది రికార్డు చేయించండి, వాళ్ల దగ్గరున్న పాత పుస్తకాలకు నకళ్లు తీయించండి. జిల్లాల్లోని నాటక సమాజాలు, కళాశాలలు ఈ గురువులను గౌరవ వేతనంతో పిలిపించి తరగతులు పెట్టాలి. ఆ తరం వెళ్లిపోయాక నేర్చుకుందామన్నా నేర్పేవాళ్లు దొరకరు.