జిల్లా పరిషత్ అధ్యక్ష పదవి: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి

పరిచయం

నగరానికి మేయర్ ఉంటారని మీకు తెలుసు. గ్రామీణ జిల్లాలో ఆ పదవికి దగ్గరగా ఉండేది జిల్లా పరిషత్ అధ్యక్ష పదవి. ఈ భాగం చదివేటప్పుడు రెండు ప్రశ్నలను దృష్టిలో ఉంచుకోండి. ఈ పదవి ఎవరి ఓటుతో వస్తుంది? దాని అధికారం ఎంతవరకు సాగుతుంది?

నేపథ్యం

నిజాం పాలనలో జనగామ తాలూకాలోని పల్లెలపై విసునూరు దేశ్‌ముఖ్ పెత్తనం సాగింది. ఆ పెత్తనానికి ఓటుతో పనిలేదు. దాన్ని ఎదిరించిన కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య ప్రాణాలు కోల్పోయాడు. గ్రామీణ స్థానిక ప్రభుత్వం ఈ ప్రాంతానికి ఎందుకు ముఖ్యమో ఈ నేపథ్యం తెలుపుతుంది.

ఎన్నిక పద్ధతిలో మార్పులు

బల్వంత్ రాయ్ మెహతా కమిటీ సిఫార్సుల మేరకు 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాయి. అధ్యక్షుణ్ణి పరిషత్ సభ్యులే ఎన్నుకునేవారు. అయితే స్థాయీ సంఘాలకు కలెక్టర్ అధ్యక్షత వహించేవారు.

1986 చట్టం మండల వ్యవస్థను తెచ్చింది. 1987లో జిల్లా ప్రజా పరిషత్ అధ్యక్షులను ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. ప్రజల తీర్పు బలం పెరిగినా, పైన జిల్లా అభివృద్ధి సమీక్షా మండలి వచ్చింది. దానికి మంత్రి అధ్యక్షుడు.

73వ రాజ్యాంగ సవరణ తరువాత వచ్చిన 1994 చట్టంతో మళ్లీ పరోక్ష ఎన్నిక వచ్చింది. ఓటర్లు మండలానికొక జడ్పీటీసీ సభ్యుణ్ణి ఎన్నుకుంటారు. ఆ సభ్యులు తమలో ఒకరిని అధ్యక్షులుగా ఎన్నుకుంటారు. రిజర్వేషన్ల వల్ల మహిళలకు, దళిత, గిరిజన, వెనుకబడిన వర్గాలకు ఈ పీఠం అందుబాటులోకి వచ్చింది.

మూడు కొత్త జిల్లాలు

2016 అక్టోబర్ 11న పూర్వపు వరంగల్ జిల్లా విభజనతో ఈ మూడు జిల్లాలు ఏర్పడ్డాయి. కలెక్టర్లు వెంటనే వచ్చారు. జిల్లా పరిషత్ మాత్రం 2019 వరకు ఉమ్మడిగానే సాగింది. దానికి గద్దల పద్మ అధ్యక్షురాలు. అంటే అధికార యంత్రాంగం ముందు, ప్రజాప్రతినిధి సంస్థ తరువాత వచ్చాయి.

2019 జూన్ 8న జరిగిన ఎన్నికలో పాగాల సంపత్‌రెడ్డి జనగామకు, ఆంగోతు బిందు మహబూబాబాద్‌కు, జక్కు శ్రీహర్షిణి భూపాలపల్లికి తొలి అధ్యక్షులయ్యారు. సంపత్‌రెడ్డి పదవిలో ఉండగానే 2023 డిసెంబర్‌లో మరణించారు. 2024 జూలైలో పాలకవర్గాల గడువు ముగిసింది. వెంటనే ఎన్నికలు జరగక, పాలన ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లింది.

సారాంశం

పెత్తనం వారసత్వం నుంచి ఓటుకు మారడం గొప్ప మార్పు. కాని ఎన్నిక సకాలంలో జరగకపోతే ఆ పీఠం మళ్లీ అధికారులదే అవుతుంది. పదవి విలువను కొలిచేటప్పుడు ఎన్నిక పద్ధతితోపాటు నిధులు, విధులు, ఎన్నికల క్రమాన్ని కూడా చూడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1959, 1986, 1994 చట్టాల కింద అధ్యక్ష ఎన్నిక పద్ధతులను పోల్చండి.
2. ప్రత్యేకాధికారుల పాలన స్థానిక స్వపరిపాలనను ఎలా ప్రభావితం చేస్తుంది? మీ మండలం అనుభవంతో వివరించండి.