పౌను లెక్కన ప్రాణము

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున, లాంకాస్టర్ కౌంటీలో, న్యూ హాలండ్ అను చిన్న పట్టణము కలదు. మోటారు వాహనములను వర్జించి నేటికిని గుఱ్ఱములతోనే పొలము దున్నుకొను ఆమిష్ మతస్థుల సీమ యది. అచ్చట సోమవారము సోమవారము గుఱ్ఱముల వేలము జరుగును. పిఱ్ఱపై అంకె గల చీటి నంటించుకొని గుఱ్ఱ మొకటి ఇరుకైన బరిలోనికి వచ్చును. వేలము వేయువాడు ఊపిరి తీయక ధర చెప్పుకొని పోవును. ఒకటి రెండు నిమిషములలో పాట ముగిసి, గుఱ్ఱము మఱియొక తలుపుగుండ వెలుపలికి పోవును. బల్లలపై కూర్చున్న వారిలో పిల్లలకు పొట్టిగుఱ్ఱమును కొనిపెట్ట వచ్చిన తండ్రులు, బండికి గుఱ్ఱము కావలసిన రైతులు, మారుబేరపు వ్యాపారులు ఉందురు. వారి నడుమనే కబేళా పక్షమున కొనువాడును కూర్చుండును. అతడు గుఱ్ఱము పండ్లు చూడడు, వయస్సు అడుగడు, నడక పరీక్షింపడు. బరువెంత యుండునో కంటితో అంచనా కట్టి, పౌనునకు ఇన్ని సెంట్లని లెక్కవేసికొని పాడును. అతని పాటయే ఆ బరిలో అట్టడుగు ధర. అంతకు మించి పాడువాడు దొరికిన గుఱ్ఱము బ్రదుకును. దొరకనిది లారీ యెక్కును.

ఈ అట్టడుగు ధర అనాదిగా నున్నది కాదు. క్రీ.శ. 732లో మూడవ గ్రెగరీ పోపు, జర్మను దేశములలో మతప్రచారము చేయుచున్న బోనిఫేసునకు వ్రాసిన లేఖలో గుఱ్ఱపు మాంసభక్షణమును అపవిత్రమని నిషేధించిన నాటినుండి, ఐరోపాలో పెక్కు శతాబ్దములు గుఱ్ఱపు మాంసమునకు అంగడి లేకపోయెను. అంతమాత్రమున గుఱ్ఱము సుఖపడినదని తలపరాదు. ముసలిదైన గుఱ్ఱమునకు తోలు, ఎముకలు, గిట్టల వెల తప్ప మఱి వెల లేకుండుటచేత, దానికి మేపు పెట్టుటకంటె దానిచేత కడపటి దినము వఱకు బరువు లాగించుటయే యజమానికి లాభమయ్యెను. లండను వీథులలో మంచి బండిని లాగిన గుఱ్ఱము, కాలు కుంటుపడగానే అద్దెబండికిని, అటనుండి బొగ్గుబండికిని, అటనుండి బక్కచిక్కి చర్మకారుని పెరటికిని దిగజారుచుండెను. ప్రతి మెట్టునను ఒక అమ్మకము, ప్రతి అమ్మకమునను ఒక పేరు మాఱుట. 1822లో బ్రిటిషు పార్లమెంటు రిచర్డ్ మార్టిన్ ప్రయత్నముచే పశుహింసా నిరోధ శాసనమును చేయుటయు, 1824లో జంతు సంరక్షణ సంఘము వెలయుటయు ఈ దురవస్థకు తొలి ప్రతిక్రియలు. 1877లో ఆనా స్యూవెల్ రచించిన ‘బ్లాక్ బ్యూటీ’ అను నవల ఈ దిగజారుడునే గుఱ్ఱము నోట చెప్పించినది. ఆ నవల చదివి చలించిన ఆన్ లిండో అను మహిళ 1886లో లండను సమీపమున బడలిన గుఱ్ఱములకు విశ్రాంతి గృహమును నెలకొల్పెను.

ఇక నొక విచిత్రము. గుఱ్ఱమును కబేళాకు నడిపించిన దారిని మొదట తెఱచినవారిలో దయాళువులును కలరు. ఫ్రాన్సులో జంతుశాస్త్రజ్ఞుడగు ఇసిదోర్ జోఫ్రువా సెంట్ ఇలేర్, సైనిక పశువైద్యుడగు ఎమీల్ దెక్రువా మొదలగు వారు, పేదల పళ్లెములలో మాంసము లేదు గదా, ముసలి గుఱ్ఱములు వీథులలో ఒరగిపోవుచున్నవి గదా, ఈ రెండు దుఃఖములకును మందొక్కటే యని వాదించిరి. మాంసమునకు ధర పలికినయెడల యజమాని గుఱ్ఱమును ఎముకల గూడగువఱకు హింసింపక, కండ యున్నప్పుడే అమ్మివేయును. దాని కడపటి యేండ్ల నరకము తప్పును. ఇది వారి తర్కము. దెక్రువా జంతు సంరక్షణ సంఘ సభ్యుడు కూడను. 1866లో పారిస్‌లో గుఱ్ఱపు మాంసపు అంగళ్లకు అనుమతి లభించెను. వాకిళ్లపై బంగరుపూత గుఱ్ఱపు తలలు వ్రేలాడెను. నాలుగేండ్లకే నగరమును ప్రషియనులు ముట్టడింపగా ఆకలి ఆ అలవాటును స్థిరపఱచెను. దెక్రువా దయను నేను శంకింపను. కాని వెల కట్టినచో హింస తగ్గునని నమ్మినవాడు, వెల యున్నచోటికి ఎంత దూరమునుండియైనను సరకు ప్రవహించునని మఱచినాడు.

వెలయు దయయు ముడివడిన కథ యొకటి మన దేశమునను కలదు. సాళువ నరసింహరాయలు ఓర్ముజు, ఏడెను రేవులనుండి గుఱ్ఱములను తెప్పించుచు, దారిలో సముద్రముపై చచ్చిన గుఱ్ఱమునకు తోక తెచ్చి చూపినను బ్రదికిన దానితో సమానముగా వెల యిచ్చెడివాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసినాడు. మనుమంచి భట్టు అశ్వలక్షణములను తెలుగు పద్యములలో కూర్చినదియు అట్టి కాలముననే. అచ్చట వెల గుఱ్ఱపు ప్రయోజనమునకు, మాంసమునకు గాదు. చచ్చిన గుఱ్ఱమునకును వెల యిచ్చిన రాజు వర్తకుని నష్టమును తన నెత్తి నెత్తుకొనెను. ఐరోపా వర్తకుడో, తన నష్టమును గుఱ్ఱము వీపునకు ఎత్తెను.

వెల యున్నచోటికి పోవు ఆ ప్రవాహము ఇంగ్లండునుండి బెల్జియమునకు సాగెను. 1911లో ఆడా కోల్ అను ఇంగ్లీషు మహిళ ఆంట్వెర్ప్ రేవునందు ఓడనుండి దింపబడుచున్న బ్రిటిషు ముసలి గుఱ్ఱముల బారును చూచెను. జీవితమంతయు బండి లాగిన గుఱ్ఱములు, సముద్రయానమున డస్సి, కుంటుచు, కబేళా వఱకు కాలినడకన తోలబడుచుండెను. ఆ దృశ్యము ఆమెను విడువలేదు. 1927లో ఆమె కబేళాకై గుఱ్ఱముల యెగుమతిని ప్రతిఘటించు అంతర్జాతీయ సంఘమును స్థాపించి, 1930లో మరణించెను. 1937లో బ్రిటిషు పార్లమెంటు గుఱ్ఱముల యెగుమతి శాసనమును చేసెను. ఆ శాసనపు కీలకము నాకు మిక్కిలి ముచ్చట గొల్పును. నియమిత మగు కనీస విలువ లేని గుఱ్ఱమును ఓడ నెక్కింపరాదని అది కట్టడి చేసెను. మాంసమునకు కొనువాడు అంత వెల పెట్టినచో వానికి గిట్టుబాటు కాదు. ఏ ధర గుఱ్ఱమును చంపుచుండెనో ఆ ధరనే ఆమె సంఘము కోటగోడగా నిలిపినది.

ఆడా కోల్ మరణించిన యేడే, సైన్యాధికారి యగు భర్తతో కైరో నగరమునకు వచ్చిన డోరతీ బ్రూక్, ఈజిప్టు వీథులలో బ్రిటిషు సైన్యపు గుఱ్ఱముల జాడలను వెదకసాగెను. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసినప్పుడు స్వదేశమునకు మరలింప ఖర్చు దండుగయని సైన్యము వేలాది గుఱ్ఱములను అచ్చటనే అమ్మివేసినది. పండ్రెండు పదుమూడేండ్లు గడచినవి. అవి యింకను ఎండలో రాళ్లబండ్లు లాగుచుండెను. 1931 ఏప్రిలులో ఆమె ‘మార్నింగ్ పోస్ట్’ పత్రికకు వ్రాసిన లేఖకు ఇంగ్లండు ప్రజలు కానుకలు పంపిరి. మూడేండ్లలో ఐదువేల గుఱ్ఱములను ఆమె కొనెను. కొన్న వానిలో అధికభాగము బ్రదుకుటకు తగినవి కావు. వానికి నీడ, నీరు, మేపు, మెత్తని పడక సమకూర్చి, పిదప నొప్పి లేకుండ ప్రాణము తీయించెను. ఇదియు విమోచనమే యని నేనందును. వెల చెల్లించుట బ్రదికించుటకే కానక్కఱ లేదు. కడపటి దినమును కబేళా చేతినుండి తప్పించుటకైనను కావచ్చును. ఆమె కష్టము మఱియొకటి. ఆ గుఱ్ఱమే బండివాని కూడు. అది పోయిన మఱునాడు వాని యింట పొయ్యి యెట్లు వెలుగును? ఈ ప్రశ్నకు సమాధానముగా 1934లో కైరోలో ఆమె స్థాపించిన వైద్యశాల పేదల గుఱ్ఱములకును గాడిదలకును ఉచితముగా చికిత్స చేసెను. ఆమె పేరిటి సంస్థ నేడు భారతదేశమునందును పనిచేయుచున్నది.

అట్లాంటిక్ ఆవలి కథ వేఱు. అమెరికాలో గుఱ్ఱపు మాంసము మనుష్యుని పళ్లెమునకంటె ముందు కుక్క గిన్నెకు పోయినది. 1920ల దశకమున ట్రాక్టర్లు పొలములోనికి రాగా పనిలేని గుఱ్ఱములు చౌకయైనవి. ఇల్లినాయ్ రాష్ట్రపు రాక్‌ఫర్డ్‌లో చాపెల్ సోదరులు డబ్బాలలో కుక్కల ఆహారమును తయారు చేయ మొదలిడిరి. పడమటి కొండలలోని అడవి గుఱ్ఱములకును అంతటితో వెల యేర్పడెను. విమానములతో బెదరించి, ట్రక్కులతో తఱిమి పట్టుట పరిపాటి యయ్యెను. 1950లో నెవాడాలోని రీనో నగరమునకు కారులో పనికి పోవుచున్న వెల్మా జాన్‌స్టన్, తన ముందు పోవుచున్న లారీనుండి నెత్తురు కారుట చూచెను. అందు అడవి గుఱ్ఱములు క్రిక్కిఱిసి యుండెను. ఆమె కార్యాలయములో సెక్రటరీ. పోలియో వ్యాధిచే బాల్యమునందే దేహము వికలమైనది. ఎగతాళిగా ప్రత్యర్థులు పెట్టిన ‘వైల్డ్ హార్స్ ఆనీ’ యను పేరునే ఆమె బిరుదముగా ధరించి, బడిపిల్లలచేత శాసనసభ్యులకు ఉత్తరములు వ్రాయించెను. 1959లో మోటారు వాహనములతో అడవి గుఱ్ఱములను పట్టుట నిషేధమయ్యెను. 1971 డిసెంబరు 15వ తేదీన వాని రక్షణ శాసనముపై అధ్యక్షుడు నిక్సన్ సంతకము చేసెను.

మరల న్యూ హాలండ్‌నకు పోవుదము. 1956 ఫిబ్రవరిలో ఒకనాడు లాంగ్ ఐలండ్‌లోని బాలికల పాఠశాలలో గుఱ్ఱపు స్వారీ నేర్పు హారీ డిలేయర్, దారిలో టైరు చెడుటచేత వేలము ముగిసిన పిదప అచ్చటికి చేరెను. మిగిలినవి కబేళా లారీలోనికి ఎక్కింపబడియుండెను. అందొకటి తెల్లని గుఱ్ఱము, మట్టి కొట్టుకొనియున్నది, నాగలి లాగిన పట్టెడ రొమ్ముపై ఒరసిన మచ్చలున్నవి, అది అతనివంక నిదానముగా చూచెను. దింపుమని అడిగి, 80 డాలర్లకు కొనెను. దానిని పొరుగూరి వైద్యునకు అమ్మగా అది కంచెలు దాటి యింటికి మరలి మరలి వచ్చెను. అంతట గాని దాని దూకుడు అతని కంట పడలేదు. ‘స్నోమన్’ అను ఆ నాగలి గుఱ్ఱము 1958లోను 1959లోను న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో దూకుడు పోటీలలో అగ్రస్థానము గెలిచి దేశమంతటను కీర్తి వడసెను. ఈ కథ విన్నప్పుడెల్ల నాకు సంతోషముతోపాటు ఒక వెలితియు కలుగును. ఆ లారీలో స్నోమన్ ప్రక్కన నిలిచిన గుఱ్ఱముల పేర్లెవ్వరికిని తెలియవు. కంచె దాటలేని గుఱ్ఱమునకును మెడపై చేయివేసి నిమిరిన చేయి తెలియును గదా.

గెలుపును శాశ్వత రక్ష కాదని ఫెర్డినాండ్ కథ చాటినది. 1986 కెంటకీ డెర్బీలో 54 ఏండ్ల షూమేకర్ స్వారీ చేసి గెలిపించిన ఆ గుఱ్ఱము, మఱుసటియేడు అమెరికాలో ఆ సంవత్సరపు ఉత్తమాశ్వ బిరుదము పొందినది. సంతానోత్పత్తికై 1994లో జపానుకు అమ్ముడుపోయి, అచ్చట గిరాకి తగ్గగా, 2002లో కబేళాలో అంతమయ్యెను. మఱుసటి యేడు ఈ వార్త బయటపడగా అమెరికాలో కలిగిన క్షోభ చట్టసభల దాక పోయెను. 2007లో టెక్సాసులోని రెండు కబేళాలును, ఇల్లినాయ్‌లోని డికాబ్ కబేళాయును రాష్ట్రశాసనముల బలముచే మూతపడెను. అంతకు ముందటి సంవత్సరము ఆ దేశమున వధింపబడిన గుఱ్ఱములు సుమారు 1,05,000.

అప్పుడు జరిగినది దెక్రువా మఱచిన సత్యమే. తలుపు మూసినను ధర చచ్చిపోలేదు, సరిహద్దు దాటినది. అమెరికా ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ 2011లో ప్రకటించిన నివేదిక ప్రకారము, కెనడా మెక్సికోలకు వధకై యెగుమతియైన గుఱ్ఱములు 2006లో సుమారు 33,000 కాగా, 2010లో సుమారు 1,38,000. న్యూ హాలండ్‌లో పాట ముగిసిన గుఱ్ఱము ఇపుడు మునుపటికంటె ఎక్కువ దూరము నిలువుకాళ్లపై పోవలెను. మేపు నీళ్లు లేకుండ ఇరువదియెనిమిది గంటల వఱకు లారీలో నుంచుటకు నిబంధనలే అనుమతించుచున్నవి. కబేళాలు మూయించినవారిది తప్పని నేనను. సరిహద్దు తలుపును మూయు శాసనము పలుమార్లు ప్రతిపాదింపబడియు నెగ్గకపోవుటయే తప్పు. పిదప ఐరోపా సంఘము మెక్సికోనుండి గుఱ్ఱపు మాంసపు దిగుమతిని 2015 ప్రారంభమున నిలిపివేయుటచేత ఎగుమతి చాల తగ్గినది. కొనువాడు మానినందున తగ్గెను. అమ్మువానిని నిందించినందున కాదు.

కొందఱు దళారులు నేడు కొత్త వర్తకము నేర్చినారు. కబేళా పేరు చెప్పి గుఱ్ఱము ఫోటో చూపి, ఫలానా దినములోగా ఇంత సొమ్ము రానియెడల లారీ యెక్కునని గడువు పెట్టుదురు. జాలిగొన్నవారు మాంసపు ధరకు రెండు మూడింతలిచ్చి విడిపింతురు. ఆ లాభముతో దళారి వచ్చే సోమవారము మఱి యిరువదింటిని పాడును. అందుచేత విజ్ఞులైన విమోచకులు దళారి దొడ్డికి పోక, వేలపు బల్లపై కబేళావాని ప్రక్కనే కూర్చుండి, అతనికంటె ఒక పాట ఎక్కువ పాడి, గుఱ్ఱము అతని చేత పడకముందే కొందురు. అంతకంటె ముందే పందెపు గుఱ్ఱముల యజమానులతో మాటాడి, వేలమునకే రాకుండ ఆపువారును కలరు. పందెపు గుఱ్ఱముల విశ్రాంతి సంస్థ యొకటి 1984నుండి న్యూయార్కు రాష్ట్రపు వాల్‌కిల్ చెఱసాలలో ఖైదీలచేత వానిని సాకించుచున్నది.

సోమవారము తెల్లవాఱి, వేలము మొదలు కాకముందు, దొడ్డి కమ్మీల వెనుక ఒక స్త్రీ టార్చిలైటు పట్టుకొని తిరుగును. పందెపు గుఱ్ఱమువలె పొడవైన కాళ్లు గల గుఱ్ఱము కనబడినచో దగ్గఱ చేరి, మెడ నిమిరి, బొటనవ్రేలితో పైపెదవిని మెల్లగా మడిచి, లోపలి గులాబి చర్మముపై పొడిపించిన పచ్చబొట్టును చదువును. ఒక అక్షరము, తరువాత అంకెలు. అక్షరము పుట్టిన యేడు చెప్పును. అంకెలు ఆ గుఱ్ఱము పేరును, పరుగెత్తిన పందెములను, దానిని కన్న పొలమును చెప్పును. ఒక్కొక్కప్పుడు మచ్చ చెరగి, ఆఱు ఎనిమిదివలె కనబడును. గుఱ్ఱము తల విదలించును. ఆమె మరల పెదవి మడిచి చూచును. అంకెలు కాగితముపై వ్రాసికొని, టెలిఫోను తీసి, ఈ గుఱ్ఱమును ఎఱుగుదురా యని అవతలివారిని అడుగును.