రాజధాని మారిననాడు గృహస్థుని పద్దులు

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరింపగా, ఎందరో ఉద్యోగులు కుటుంబములతో మద్రాసు విడిచి కర్నూలు చేరిరి. మూడేండ్లు గడచినవి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, రాజధాని హైదరాబాదునకు మారినది. మరల ప్రయాణము! సామాను సర్దుట ఒక యెత్తు. పద్దులు సరిచూచుకొనుట మరియొక యెత్తు.

ఆ యేడే జీవిత బీమా జాతీయమైనది. జనవరి 19న ఆర్డినెన్సు వెలువడినది. సెప్టెంబరు 1న జీవిత బీమా సంస్థ ఏర్పడి, 245 సంస్థల వ్యవహారములను స్వీకరించినది. 1925లో బందరులో పుట్టిన ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ పాలసీ చేతనున్న గృహస్థునకు, ఇక ప్రీమియము ఎవరికి కట్టవలెనను సందేహము కలుగుట సహజము. కాని పాత ఒప్పందములు క్రొత్త సంస్థకు సంక్రమించినవి. పాలసీ సొమ్మునకు కేంద్రప్రభుత్వము పూచీపడినది.

అయినను, ప్రీమియము నోటీసు పాత యింటికి పోయి గడువు దాటినచో, క్రొత్తగా తీసికొన్న పాలసీ మురిగిపోవును. అప్పుడు ఆ పూచీ అక్కరకు రాదు. యజమానికి ఆపద వాటిల్లిననాడు ఇల్లాలికి ఆధారము ఆ కాగితమే గదా!

హైదరాబాదులో నాణెముల చిక్కు వేరు. నిజాము కాలపు హాలీ సిక్కా 1959లోగాని రద్దు కాలేదు. ఏడు హాలీ రూపాయలు ఆరు భారత రూపాయలకు సమానము. ఇంతలో 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చి, అణాల లెక్కను మార్చినవి. అద్దె, పాలపద్దు, ప్రీమియము అన్నియు తిరిగి లెక్కకట్టుకొనవలసివచ్చినది.

ప్రభుత్వములు మారినను, నాణెములు మారినను ఒప్పందము నిలిచినది. చిరునామా తెలుపు బాధ్యత మాత్రము గృహస్థునిదే. కావున ఇల్లు కదలుటకు ముందే పాలసీ సంఖ్యతో క్రొత్త చిరునామా వ్రాసి పంపి, బీమాపత్రమును, బ్యాంకు పుస్తకమును సామానుబండిలో వేయక చేతిసంచిలో నుంచుకొనుట మేలు.