మునేటి ఒడ్డున సైన్యం లెక్క

పెనుగంచిప్రోలు వద్ద మునేటి ఒడ్డున నిలబడినప్పుడల్లా నాకొక ప్రశ్న తోస్తుంది. యీ నేల నిజాం చేతినుండి ఎందుకు జారిపోయింది? 1766 లో అతడు కొండపల్లితో సహా ఉత్తర సర్కారులను ఇంగ్లీషు కంపెనీకి వదులుకున్నాడు. ప్రతిఫలంగా ఏటేటా పేష్కష్ ఇస్తామనీ, అవసరమైతే పటాలాలను పంపుతామనీ కంపెనీ మాట ఇచ్చింది.

పేద రాజ్యాలు సైన్యంమీద అంత ఖర్చు ఎందుకు పెడతాయంటే శత్రుభయంవల్ల అంటారు. భయం అబద్ధమని నేననను. 1795 లో ఖర్దావద్ద నిజాం మరాఠాలకు ఓడిపోయాడు. కంపెనీ తటస్థంగా వుండిపోయింది. ఆ దెబ్బ తిన్నవాడే 1798 లో ఏడాదికి 24,17,100 రూపాయలిచ్చి ఆరు కంపెనీ పటాలాలను పోషించడానికి ఒప్పుకున్నాడు. 1800 లో ఆ ఖర్చు కింద దత్తమండలాలనే ధారపోశాడు.

ఐతే భయం తగ్గిన తరువాత ఖర్చు తగ్గిందా? 1799 లో టిప్పు కూలాడు. 1818 లో పీష్వా రాజ్యం అంతరించింది. ఖర్చుమాత్రం పెరిగింది! 1800 సంధి ప్రకారం నిజాం 6,000 కాల్బలాన్నీ 9,000 గుర్రపు దళాన్నీ పంపవలసింది యుద్ధం వచ్చినప్పుడే. కాని రెసిడెంటు హెన్రీ రస్సెల్, మంత్రి చందూలాల్ ల హయాంలో, ఆంగ్లాధికారుల కింద, శాంతికాలంలోనూ జీతం తినే కంటింజెంట్ సైన్యం తయారయింది. దానికి ఏటా సుమారు 40 లక్షలు. ఖర్చంతా పాపం నిజామే భరిస్తాడని ఆ అధికార్లే వేళాకోళమాడుకునేవారు.

జీతాలకు డబ్బు చాలక పామర్ కంపెనీవద్ద నూటికి దాదాపు పాతిక వడ్డీకి అప్పులు చేశారు. 1823 లో ఆ అప్పు తీర్చడానికి, సర్కారులపై ఏటా రావలసిన 7 లక్షల పేష్కష్ ను నిజాం ఒక్కసారిగా 1,16,66,666 రూపాయలకు వదులుకున్నాడు. మునేటి గట్టున రైతు కట్టిన శిస్తులో అతనికి మిగిలిన వాటా అట్లా సైన్యపు బాకీలో కలిసిపోయింది. అప్పటికీ బాకీ తెగలేదు. 1853 లో బీరారు కూడా పోయింది.

దీన్నిబట్టి నాకు తోచేదేమంటే: సైనిక వ్యయానికి భయం బీజం కావచ్చు, దాన్ని పెంచి పోషించేది దానిమీద బతికే వర్గమే. జీతం తినే అధికారికి, వడ్డీ తినే షావుకారుకు శత్రువు వున్నా లేకపోయినా ఒకటే. మంత్రికి అది పదవిని నిలబెట్టే సాధనం. ఈనాడు అప్పుచేసి ఆయుధాలు కొనే పేదదేశాల బడ్జెట్లను చదివే విద్యార్థి, శత్రువెవరో తెలుసుకున్నంత మాత్రాన ఆగిపోరాదు. ఆ డబ్బు ఎవరి ఇంటికి చేరుతున్నదో, అప్పు ఎవరి పొలంమీద పడుతున్నదో కూడా లెక్క తీయాలి.