సంఖ్యయే పేరైన నౌక

రెండవ ప్రపంచ యుద్ధములో ట్యాంకులను ఒడ్డున దింపు నౌకపై తాత పనిచేసెనని చెప్పుకొను కుటుంబములు బ్రిటనులో పెక్కు గలవు. మనుమడు ఆ నౌక నమూనా చేయబూనినచో మొదటి చిక్కు పేరే. వీటికి పేర్లు లేవు, సంఖ్యలే. ఇంటివారి జ్ఞాపకము చాలదు. నౌకాదళపు రికార్డులలో సంఖ్య దొరకవలెను.

7074 అను నౌకను చూడుడు. 1944 జూన్ 7న తెల్లవారకముందే ఇది 10 ట్యాంకులతో నార్మండీ తీరము చేరినది. పొడవు సుమారు 57 మీటర్లు. 72వ వంతు నమూనాలో 79 సెంటీమీటర్లు. నౌక ముందుభాగము నీటిలో కొద్దిగను, వెనుకభాగము లోతుగను మునుగును. ఇసుక వాలునకు అది సరిపడును. నిడుపునా ఒకే లోతున చెక్కిన నమూనా అందముగ నుండవచ్చును గాని, నౌక ఒడ్డునకెట్లు చేరెనో చెప్పజాలదు. వెనుక లంగరును మరువరాదు. ఒడ్డు చేరకముందే దానిని నీట విడిచి, ట్యాంకులు దిగిన పిమ్మట ఇనుపత్రాటిని చుట్టుచు నౌక తన్ను తానే వెనుకకు లాగికొనెడిది.

ఆ దండయాత్రలో పాల్గొన్న ఇట్టి నౌకలు 800కు పైగా నుండగా, నేడు మిగిలినది 7074 ఒక్కటే. యుద్ధానంతరము లివర్‌పూల్‌లో తేలియాడు క్లబ్బుగా మారి, బర్కెన్‌హెడ్ రేవులో మునిగి, 2014లో పైకి తీయబడి, 2020లో పోర్ట్స్‌మత్ మ్యూజియము చెంతకు చేరినది. తాత పనిచేసినది వేరొక నౌకయైనను కొలతలకు దీనిని చూడవచ్చును. నమూనాపై వ్రాయవలసిన సంఖ్య మాత్రము రికార్డులలోనే వెదకవలెను.