మరుపు అనే వారసత్వం: 'వుయ్ వర్ లయర్స్' నవలలో కుటుంబ రహస్యం, అపరాధ భావం

కౌమార పాఠకుల కోసం రాసే నవలల్లో మతిమరుపు చాలాసార్లు కథను ముందుకు నెట్టే సాధనంగానే మిగిలిపోతుంది. ప్రధాన పాత్రకు ఏదో గుర్తుండదు, పాఠకులు ఆ ఖాళీ వెంట పరుగెడతారు, చివరి పేజీల్లో గుట్టు బయటపడుతుంది. 2014లో వెలువడిన ఇ. లాక్‌హార్ట్ నవల 'వుయ్ వర్ లయర్స్'ను కూడా ఎక్కువమంది ఇలాగే చదివారు. ముగింపు ఏమిటని ఎవరైనా అడిగితే అబద్ధం చెప్పమని పుస్తక ప్రచారమే పాఠకులను ఉసిగొల్పింది. ఆ ముగింపును దాచి ఈ నవలను విశ్లేషించడం కుదరదు, కాబట్టి ఇక్కడ దాచడం లేదు. కథ చెప్పే కేడెన్స్‌కు వచ్చిన మరుపు తలకు తగిలిన దెబ్బతో మొదలైంది కాదని, అంతకుముందే ఆ ఇంట్లో ఆమెకు అలవాటు చేసిన పద్ధతి అదని ఈ వ్యాసం ప్రతిపాదన.

సింక్లెయిర్ కుటుంబానికి మసాచుసెట్స్ తీరంలో, మార్తాస్ వినియార్డ్ సమీపాన సొంత దీవి ఉంది. తాత హ్యారిస్ తనకు క్లెయిర్‌మాంట్ అనే పెద్ద భవనం ఉంచుకుని, ముగ్గురు కూతుళ్లకూ తలా ఒక ఇల్లు కట్టించాడు. కేడెన్స్ పదిహేనో ఏట తండ్రి ఇల్లు విడిచి వెళ్లిపోతాడు. అతను తుపాకీ తీసి తన గుండెల్లో కాల్చినట్టు, పచ్చికలో తన రక్తం పారినట్టు ఆమె చెబుతుంది. ఇది పోలిక అని వాక్యంలో ఎక్కడా సూచన ఉండదు. పక్కనే ఉన్న తల్లి మాత్రం మామూలుగా ఉండమని గద్దిస్తుంది. భర్త ఇచ్చిన కానుకలన్నీ పారేస్తుంది. అమ్మమ్మ టిప్పర్ పోయాక ఆ దుఃఖం ఊసెత్తకపోవడమే ఇంటి మర్యాద అవుతుంది. తలకు దెబ్బ తగలకముందే, పోయినవాటి ఆనవాళ్లు చెరిపెయ్యడం ఎలాగో ఆ పిల్లకు పెద్దలే నేర్పారు.

ఆ వేసవిలోనే ముగ్గురు అక్కచెల్లెళ్లు తండ్రి ఆస్తి కోసం కీచులాడుకుంటూ, తాత మనసు కరిగించే పని పిల్లలకు అప్పగిస్తారు. విసిగిపోయిన కేడెన్స్, పిన్ని పెద్దమ్మల పిల్లలు జానీ, మిర్రెన్, అక్కచెల్లెళ్లలో ఒకరైన క్యారీ భాగస్వామికి దగ్గరి బంధువైన గ్యాట్ కలిసి, పెద్దలు లేని రాత్రి క్లెయిర్‌మాంట్‌కు నిప్పు పెడతారు. మిగతా ముగ్గురూ బయటికి రాకముందే మంటలు కమ్ముకుంటాయి. తలకు దెబ్బ తగిలి, జరిగింది మరిచిపోయి, కేడెన్స్ ఒక్కతే బతుకుతుంది. రెండేళ్ల తర్వాత దీవికి తిరిగొచ్చేసరికి కాలిపోయిన చోట కొత్త క్లెయిర్‌మాంట్ నిలబడి ఉంటుంది, పాత ఇంటి జ్ఞాపకం ఒక్కటీ లేకుండా, నున్నగా. ఆ కట్టడమే ఈ కుటుంబం ఎలా మరిచిపోతుందో చూపిస్తుంది. ఈలోగా అపరాధ భావం కేడెన్స్ శరీరంలో పార్శ్వపు నొప్పిగా, ఆమె అల్లే రాజూ ముగ్గురు కూతుళ్ల కథలుగా బయటికి వస్తూనే ఉంటుంది. జ్ఞాపకం తిరిగొచ్చే వరుసను గమనించాలి: ముందు మంట, తర్వాత ఆ ఇంట్లో చిక్కుకుని చచ్చిపోయిన కుక్కలు, ఆ తర్వాతే మనుషులు. మోయగలిగినంత నేరాన్నే మనసు ముందుగా ఒప్పుకుంటుంది. నవలలో నాకు అత్యంత నిజాయితీగా తోచిన చోటు ఇదే.

ఈ మరుపు ఇల్లు నేర్పినదేనన్న నా వాదనకు బలమైన అభ్యంతరం నవలలోనే ఉంది. తల్లి నిజం దాచలేదు. ఎన్నోసార్లు చెప్పిందని, ప్రతిసారీ కేడెన్స్ మరిచిపోయిందని, చివరికి తనంతట తానే గుర్తు తెచ్చుకోనివ్వమని వైద్యులు అన్నారని తెలుస్తుంది. అలాంటప్పుడు మౌనాన్ని తప్పుపట్టడం ఎలా? నిజం చెవిన పడితే చాలదు, దాన్ని పట్టుకుని ఏడవడానికి ఇంట్లో చోటుండాలి. ఏడుపును సిగ్గుగా చూసే ఇంట్లో చెప్పిన మాట చెప్పినట్టే జారిపోయింది. వైద్యుల సలహా కూడా ఆ ఇంటి పాత అలవాటుకు అతికినట్టు సరిపోయింది. 2022లో వచ్చిన 'ఫ్యామిలీ ఆఫ్ లయర్స్'లో క్యారీ తన యవ్వనంలో అక్కచెల్లెళ్లు కలిసి కప్పిపుచ్చిన మరణాన్ని బయటపెడుతుంది. తర్వాత రాసిన పుస్తకాన్ని ముందుదానికి సాక్ష్యంగా తేవడం సబబు కాదు, అందుకే నా వాదనను దానిపై నిలపలేదు. అయితే రచయిత్రి కూడా ఆ గుట్టు మూలాన్ని ముందు తరంలోనే వెతికిందని అది చూపుతుంది. ఇక, కేడెన్స్ తిరిగొచ్చిన వేసవిలో ఆమెతో గడిపిన ముగ్గురూ అప్పటికే చనిపోయినవారన్న మలుపు మోసమన్న విమర్శ రెండో పఠనానికి నిలవదు. ఆ వేసవిలో తల్లీ పిన్నీ పెద్దమ్మా ఆ ముగ్గురు పిల్లలతో మాట్లాడటం మనకు కనబడదు. ఆధారాలన్నీ ముందే పరిచి ఉన్నాయి.

నవల నిజంగా తప్పిన చోటు మరొకటి. గ్యాట్ పాటిల్ భారతీయ మూలాలున్న కుర్రాడు. హ్యారిస్ తనను ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదని అతనే కేడెన్స్‌తో అంటాడు. ఆ మాటతో కుటుంబ రహస్యం వెనకున్న వర్ణ దురభిమానం బట్టబయలవుతుంది. అంత పదునుగా ఎత్తిన ప్రశ్నను లాక్‌హార్ట్ చివరిదాకా మోయలేదు. కేడెన్స్ పశ్చాత్తాపానికి అధ్యాయాలు దక్కాయి. కొడుకును పోగొట్టుకున్న గ్యాట్ తల్లి శోకం మాత్రం నవలలో దాదాపు కనిపించదు. సింక్లెయిర్ల మౌనాన్ని ఎండగట్టిన పుస్తకం ఆ ఒక్క తల్లి విషయంలో తానూ మౌనంగానే ఉండిపోయింది.