కంటికి కానరాని బలము - దానిని కొలిచిన కథ

ఉగాది పచ్చడిలోని ఆరు రుచులను నాలుక విడదీసి చెప్పగలదు. కాని మనము తిను అన్నములో సున్నమెంత, ఇనుమెంత, విటమినులెన్ని అని అడిగినచో నాలుకకు తెలియదు, కంటికీ తెలియదు. వాటిని కొలుచుట నేర్చిన చరిత్రలో తెలుగువారికీ, మనమున్న ఈ తమిళనాటికీ కూడ పాలు గలదు. ధర్మపురిలో కాపురములు పెట్టుకొన్న మన కుటుంబములవారు తెలిసికొనదగిన విషయమని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఒకప్పుడు మన ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి ప్రబలియుండెడిది. కాళ్లు తిమ్మిరెక్కి, ఒంటికి నీరుపట్టి, గుండె చెడి మనుష్యులు మంచము పట్టెడివారు. ఉప్పుడుబియ్యము తిను తమిళుల యిండ్లలో ఆ జబ్బు అరుదు. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు పైపొరలలోని బి1 విటమిను గింజలోనికి దిగును. పచ్చిబియ్యమును మరలో తెల్లగా పాలిషు పట్టినప్పుడు అది తవుడుతో పోవును. 1918లో రాబర్టు మెకారిసన్ నీలగిరులలోని కూనూరులో, పాశ్చరు సంస్థలోని ఒక్క గదిలో ఈ వ్యాధిపై పరిశోధన ప్రారంభించెను. యంత్రములు లేని ఆ రోజులలో పావురములే త్రాసులు. పాలిషుబియ్యము తిని పడిపోయిన పావురమును ఎంత తవుడుసారము లేపి నిలబెట్టునో, దానినిబట్టి విటమినును అంచనా కట్టెడివారు.

ఆ గదియే పెరిగి 1928 నాటికి పోషకాహార పరిశోధనాలయమైనది. 1937లో ఐక్రాయిడ్ మన దేశపు ఆహారముల పోషకవిలువలను పట్టికగా ప్రకటించెను. 1958లో ఆ సంస్థ హైదరాబాదు చేరినది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందినది. దానిని చిరకాలము నడిపిన డాక్టర్ గోపాలన్ సేలములో జన్మించినవారు. 1965 వరకు మన ధర్మపురియు సేలము జిల్లాలోనిదే గదా!

ఇక మన భీమవరము బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1925లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి భాస్వరమును కొలుచు పద్ధతిని కనిపెట్టిరి. ద్రవమునకు మందు కలిపినచో నీలివర్ణము వచ్చును. నీలి ముదిరినకొలది భాస్వరమెక్కువ. పిమ్మట లెడర్లే కంపెనీలో వారి నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది. ఆనాడు దానిని కొలుచుటకు ఒక సూక్ష్మజీవిని పెంచి, అది ఎంత వృద్ధియైనదో చూచెడివారు. నేడు గర్భిణీ స్త్రీలకిచ్చు మాత్రలలో ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే.

ఈ కొలతలు మన యింటికేమి చెప్పుచున్నవి? హైదరాబాదు సంస్థవారు 2017లో ప్రకటించిన పట్టిక ప్రకారము నూరు గ్రాముల రాగులలో కాల్షియము 364 మిల్లీగ్రాములు. పాలిషుబియ్యములో పదికి లోపే. ఈ జిల్లా రైతు రాగిముద్దను చిన్నచూపు చూచి తెల్లని అన్నమే గొప్పయనుకొనుట నష్టమే. కాని ఎక్కువయైనచో ఖనిజమే కీడు. ధర్మపురి బోరునీటిలో ఫ్లోరైడు హద్దు మీరి పండ్లను, ఎముకలను చెరచినది. మన నల్లగొండ బాధయు అదే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ హద్దు. ఆ బాధ తగ్గించుటకే 2013లో హొగేనకల్ కావేరి నీటి పథకము ప్రారంభమైనది.

విదేశములలోని మన పిల్లలు పంపు విటమిను సీసాలకును ఇదే నీతి. పరిశోధకులు చాల మాత్రలను కలిపి నూరి కొలుతురు, ఏలయన ఒక్కొక్క మాత్ర ఒక్కొక్క తీరు. విటమినులు కాలక్రమమున క్షీణించును గనుక తయారీదారులు కొంత హెచ్చుగా వేయుట కలదు. అమెరికా ప్రభుత్వ సంస్థలు ఇట్లు కొలిచి 2009లో మొదటి పట్టిక ప్రకటించినవి. చాల పోషకములు చీటీపై వ్రాసినదానికంటె హెచ్చుగానే ఉన్నవి. చీటీని నమ్మి లెక్క కట్టినచో పరిశోధన తప్పును. రెండు మూడు సీసాలు కలిపి వాడినచో మన ఒంటి లెక్కయు తప్పును.

కాబట్టి సోదరీసోదరులారా, మాత్ర వాడువారు సీసాను వైద్యునికి చూపి వాడుడు. పిల్లలకు వారమున రెండు పూటలైనను రాగిసంకటి పెట్టుడు. అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.